మేనత్త తరవాణి కుండ

పోయిన మా మేనత్తను తలుచుకుంటే ముందు ఆమె ఎడమ పిడికిలే గుర్తొస్తుంది. కల్లంలో మిరపకాయలు ఏరుతూ దాన్ని పొట్టలోకి నొక్కుకునేది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆరెంపీ డాక్టరు ఇచ్చిన బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగింది.

గంజి పులియబెట్టే తరవాణి కుండ వల్లే ఈ నొప్పి అనుకుని, డిగ్రీ చదువుతున్న నేను దాన్ని పారబోసి, తోమి బోర్లించాను.

"మా అత్తగారి నాటినుంచీ ఒక్కరోజూ ఖాళీ అవ్వని కుండమ్మాయ్ అది," అంది, అంతే.

రెండేళ్ళకి గుంటూరులో పెద్ద డాక్టరు అన్నాడు: "అన్ని యాంటీబయాటిక్ బిళ్ళలు మింగితే పేగుల్లో మంచి సూక్ష్మజీవులు కూడా చచ్చిపోతాయమ్మా. తరవాణి లాంటివి తాగుతారా?"

నేను తల దించుకున్నాను.

అత్త పిడికిలి నొక్కుకుంటూనే చెప్పింది: "తాగేదాన్నండీ. నాకే పులుపు పడక మానేశాను."