పుచ్చు వంకాయల గంప

మంగళవారం మా అత్తవారి ఊరు రెంజల్ నుంచి రావలసిన వంకాయల గంప రాలేదు. కబురు వచ్చింది. మా మరిది పొద్దున్నే చెరుకుకు నీళ్లు పెట్టి, గట్టు మీద కూర్చుని, మళ్లీ లేవలేదట. డాక్టరు గుండె అన్నాడు. ఏళ్ల తరబడి ముక్కుకు గుడ్డయినా కట్టకుండా పురుగుల మందు కొట్టిన మనిషి. నాకు వేరే అనుమానం ఉంది గానీ, నేను డాక్టర్ని కాను.

పోయినవాళ్లను పొగడాలి కనుక, ముందు తిట్టవలసింది తిట్టేస్తాను.

యూరియా బస్తాలు, ఎండ్రిన్ పురుగుమందు డబ్బాలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఊరందరిలాగే అతనూ వంకాయకు రెండు మళ్లు పెట్టాడు. కాలువ పక్క పెద్ద మడికి మందులు; ఆ కాయలు నిజామాబాద్ అంగడికి. ఇంటి వెనక చిన్న మడికి పశువుల పెంట మాత్రమే. ఆ కాయలు ఇంటికి. ఈ సంగతి ఎవరూ దాచలేదు. దాచవలసినదని ఎవరికీ తోచనే లేదు. నాకు ఇప్పటికీ రోత పుట్టించేది అదే.

ఒకసారి ఏదో సర్కారు కచేరీ పని మీద నిజామాబాద్ వచ్చి, మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. గుత్తి వంకాయ వండాను. నున్నటి కాయలు, ఒక్క పుచ్చు లేదు, ఏరి తెచ్చానని నా మురిపెం. అతను పచ్చిపులుసుతోనే అన్నం తింటూ, కూరను కంచం అంచుకు నెట్టాడు. ఉప్పెక్కువైందా అని అడిగాను.

"అంగట్ల కొన్నవా, వదినె?"

మీ ఊరి బండి మీదవేనని గొప్పగా చెప్పాను. అతను తల వంచుకున్నాడు.

"గవి అమ్మేటివి. మేం తినం."

పక్కన నా మనవరాలు కాయ నములుతోంది.

"మరి గీ పిల్ల నోట్లది తినేదా, అమ్మేదా?" అన్నాను.

అతను పిల్ల కంచంలోని కూర తీసి తన కంచంలో వేసుకున్నాడు. మొత్తం తిన్నాడు. మజ్జిగ కూడా అడగలేదు.

ఆ ఏటి నుంచి పెద్ద మడికీ పెంటే. చెరుకుకు మాత్రం యూరియా మానలేదు. అడిగితే, "చెరుకు ఫ్యాక్టరీ తింటది, వదినె" అని నవ్వేవాడు. మరి చక్కెర ఎవరు తింటారో నేను చెప్పవలసి వచ్చేది. మహాత్ముడేం కాదు.

మందు లేక పుచ్చిన కాయలు ఎవరు కొంటారు? మా పట్నం ఇల్లాళ్లు ఆ గంపను చూసి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పక్కకు జరిగేవారు. మెరిసేవాటిని మాత్రం ఒళ్లో పోయించుకునేవారు. మిగిలిన గంప మా ఇంటికి చేరేది. పురుగును చూసి నేను మొహం చిట్లిస్తే అతనిది ఒకటే మాట: "అది తిని సావలే. నువ్వు సస్తవా?"

దినాలకు రెంజల్ వెళ్లాను. వంటవాళ్లు అంగడి వంకాయలు తెచ్చారు, అద్దాల్లా ఉన్నాయి. చుట్టాలు మెచ్చుకుంటూ తిన్నారు. పెంట పెట్టుకుని చెడిపోయాడు, పిచ్చివాడు అని కూడా అన్నారు, అతని ఇంట్లోనే, నోట్లో ముద్ద ఉండగానే. నేను పచ్చిపులుసుతో తిని, కూరను విస్తరి అంచుకు నెట్టాను.

వచ్చేముందు పెద్ద మడిలో నాలుగు కాయలు కోసుకుని కొంగున కట్టుకున్నాను. ఇంటికొచ్చి కత్తిపీట ముందు కూర్చున్నాను. మొదటి కాయ కోయగానే తెల్లటి పురుగు బయటికొచ్చి, తల ఎత్తి అటూ ఇటూ చూసి, పీట అంచు వెంబడి తాపీగా నడిచింది. నేనూ మనవరాలూ దాన్ని పోనిచ్చాం. బాగా బలిసి ఉంది.