పశువుల డాక్టరు వేషం

జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్లో మేము అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒక నల్లజాతి అమ్మాయి ఉండేది. తల్లి ఘనా నుంచి వచ్చింది. ఈమె మాత్రం పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఆ చుట్టుపక్కల పల్లెల యాసలో ఆమె గబగబా జర్మన్ మాట్లాడుతుంటే, క్లాసులకు వెళ్లి నేర్చుకున్న నాకు సగమే అర్థమయ్యేది.

పొద్దుటిపూట బేకరీలో పని, మిగతా సమయమంతా నటన. నాటకాల్లో రాణి వేషాలూ వేసింది, మంత్రగత్తె వేషాలూ వేసింది. టీవీ వాళ్లు మాత్రం ఎప్పుడు పిలిచినా ఒకటే వేషానికి పిలిచేవారు: పడవలో వచ్చిన శరణార్థి తల్లి.

"జర్మన్ రానట్టు మాట్లాడమన్నారు. ఎలాగో తెలియక మా అమ్మ మాట్లాడినట్టు మాట్లాడాను. అమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు" అని ఒకరోజు మా వంటింట్లో కూర్చుని నవ్వింది.

నేను టీ పోస్తూ, "మా వాళ్లదీ అదే కథ. టీవీలో ఇండియన్ అంటే కంప్యూటర్ ముందైనా ఉండాలి, యోగా చాప మీదైనా ఉండాలి" అన్నాను.

"నయం, మీకు రెండు వేషాలున్నాయి!"

ఆ తర్వాత మళ్లీ అలాంటి వేషానికే పిలుపొస్తే వెళ్లనంది. "ఆ తల్లుల కథలు చెప్పొద్దని కాదు. చెప్పాలి. కానీ మాకున్నది ఆ ఒక్క కథేనా?" అంది. చాలాకాలం పిలుపులే రాలేదు. దాని గురించి మేమూ అడగడం మానేశాం.

ఒక చలికాలం సాయంత్రం మెట్లు దడదడా ఎక్కి వచ్చింది. పల్లెటూరి సీరియల్లో పశువుల డాక్టరు వేషమట. ఆ డాక్టరుకు కోపమెక్కువ, పేకాటలో మోసం చేస్తుంది, పైగా గుర్రాలంటే భయం.

"కథలో ఆ డాక్టర్ని నువ్వెక్కడి దానివని ఎవరూ అడగరు, తెలుసా? యాస కూడా నాదే!" అంటూ నన్ను వాటేసుకుంది.

సీరియల్ మొదలైన రోజు తల్లినీ తీసుకుని మా ఇంటికొచ్చింది. నేను పులిహోర కలిపాను. ఆ పెద్దావిడ పండిన అరటికాయలు వేయించి తెచ్చింది. తెర మీద గుర్రం సకిలించగానే డాక్టరు వెనక్కి గెంతింది.

"గుర్రాన్ని జూసి ఉరికే డాక్టరేందే?" అన్నారు మావారు.

"యాక్టింగ్ నాన్నా!" అని మా అమ్మాయి జర్మన్‌లో కసిరింది.

తర్వాతి దృశ్యంలో డాక్టరు మొగుడి మీద విరుచుకుపడింది. పెద్దావిడ చేతిలోని చెంచా ఆగిపోయింది. "ఇన్నాళ్లకు మంచి వేషమొస్తే మొగుడి మీద అరుస్తావా? చర్చి వాళ్లంతా చూస్తుంటారే!"

"ఇన్నేళ్లూ నన్ను ఏడవడానికే పిలిచారమ్మా. కాస్త అరవనీ."

ఆవిడ కాసేపు కళ్లార్పకుండా తెరనే చూసి, "అయినా తప్పు మొగుడిదేలే" అని తేల్చేసింది. అందరం పగలబడి నవ్వాం.

కొన్నాళ్లకు బేకరీకి ఒక ముసలావిడ వచ్చి, రొట్టె అడగకుండా, "డాక్టరమ్మా, మా పిల్లి ఏమీ తినడం లేదు" అందట.

"నేను నటినండీ అని చెప్పాను" అంటూ మెట్ల మీదే నిలబడి నాతో చెప్పింది. "వింటేనా! 'అయితే ఏం, నీకు తెలిసే ఉంటుందిలే' అంది."



"మరి ఏం చెప్పావు?"

"ట్యూనా చేప పెట్టి చూడమన్నాను. తిన్నదట!"