రెండు గుర్తులూ ఒకే గీత

1979లో నేను విశాఖ హార్బరు పక్కన ఒక సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేసేదాన్ని. సర్వేయర్లు లాంచీలో తిరిగి సముద్రం లోతులు కొలిచి తెస్తారు. వాటిని చార్టు మీదికి ఇంకుతో ఎక్కించడం ట్రేసర్ పని. రోజంతా మెడ వంచుకుని కూర్చోవాలి కాబట్టి, ఎవరైనా పోట్లాడుకుంటూ ఆఫీసులోకి వస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఒక రోజు అలా వచ్చినవాళ్లు పోలయ్య, నూకరాజు. ఒకే పడవలో వేటకెళ్లే బావా బావమరుదులు. పోలయ్య చెల్లెలే నూకరాజు భార్య. ఇద్దరూ కలిసి కొనుక్కున్న కొత్త నైలాన్ వలను ముందు వారం సముద్రం అడుగుకి దించి, గుర్తుగా పైన తేలే బెండు కట్టి ఒడ్డుకొచ్చారట. తెల్లారేసరికి ఏదో స్టీమరు ఆ బెండు తాడును తెంపుకుపోయింది. బెండు లేకపోతే అంత సముద్రంలో వలను ఎక్కడని వెతుకుతారు? అప్పట్నుంచీ వేట లేదు. నీ గుర్తు తప్పంటే నీ గుర్తు తప్పనుకుని, పడవ కూడా పంచేసుకుందామనే దాకా వచ్చారు. సగానికి కోస్తారా అని నేనడిగాను. ఇద్దరూ నవ్వలేదు.

వల వేసిన చోటు తెలియడానికి ఒడ్డు చూసి పెట్టుకునే గుర్తంటే ఇదీ. ఒడ్డు మీది రెండు ఎత్తైన కట్టడాలు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా కలిసి కనిపిస్తే, వాటిని కలుపుతూ సముద్రంలోకి గీసిన గీత మీద మనం ఎక్కడో ఉన్నట్టు. మా సర్వేయర్లు దాన్ని ట్రాన్సిట్ అంటారు. పోలయ్య గుర్తు కొండ మీది చర్చి, దాని ముందు పొగగొట్టం. నూకరాజు గుర్తు అదే పొగగొట్టం, దాని ముందు నీళ్ల ట్యాంకు.

మా సర్వేయర్ గారు ఇదెంత పని అన్నారు. రెండు గుర్తులు, రెండు గీతలు, అవి కలిసే చోట వల. నన్ను గీయమన్నారు.

చర్చి నుంచి పొగగొట్టం మీదుగా మొదటి గీత గీశాను. రెండోది గీయబోతే పెన్సిలు వెళ్లి మొదటి దాని మీదే పడింది. స్కేలు జరిగిందేమోనని మళ్లీ పెట్టి గీశాను. మళ్లీ అంతే. చర్చి, పొగగొట్టం, ట్యాంకు మూడూ ఒకే వరసలో ఉన్నాయి. నాకు నవ్వాగలేదు.

కాలేజీలో చదివిన ఆల్జీబ్రా గుర్తొచ్చింది. x + y = 5 ఒక సమీకరణం. 2x + 2y = 10 ఇంకోటిలా కనిపిస్తుంది గానీ, అదే మాటను రెట్టించి చెప్పడం. గ్రాఫు మీద రెండూ ఒకే గీత, ఆ గీత మీది ప్రతి చుక్కా జవాబే. అనంతమైన జవాబులున్నాయని పరీక్షలో రాస్తే మార్కులొస్తాయి. ఇక్కడ అలా చెబితే వల రాదు.

ఇద్దరూ చెప్పేది ఒకటేననీ, వల ఆ గీత మీద ఎక్కడైనా ఉండొచ్చనీ చెప్పాను. నూకరాజు చార్టు వైపు దిగులుగా చూశాడు.

"అయితే ఈ గీతట్టుకుని అండమాను దాకా ఎతకమంతావేటమ్మా?"

ఆ గీతతో సంబంధం లేని ఇంకో ముక్క కావాలి. నా చార్టు నిండా ఉన్నది లోతులే. ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ గీత వెంట లోతు పెరుగుతుంది, కాబట్టి లోతు తెలిస్తే చోటు తెలుస్తుంది. బెండుకు కట్టిన తాడు ఎంత పొడుగని అడిగాను. అంతవరకూ ఆఫీసు కప్పెగిరిపోయేలా అరిచినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నూకరాజు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

చివరికి పోలయ్యే నోరు విప్పాడు. "పదిహేను బారలమ్మా. సాల్లేదు. అప్పుడీ మనిషి పంచె ఇప్పి ముడేసినాం."

ఆఫీసంతా గొల్లున నవ్వింది. పంచెతో సహా తాడు నిటారుగా బిగిస్తే బెండు సరిగ్గా నీటి మీదికొచ్చిందని ఇద్దరూ ఒప్పుకున్నారు. బార అంటే చాచిన రెండు చేతుల పొడుగు. తాడు కొలిచింది నూకరాజే కనక అతన్ని గోడకానుకుని చేతులు చాపమన్నాను. టేపు రెండో కొస పోలయ్య పట్టుకున్నాడు.

"సరిగ్గా సాపు బావా, మళ్లీ వల పోద్ది," అన్నాడు. ఆ బావా అన్న పిలుపు వినగానే నూకరాజు మొహం విచ్చుకుంది. నాకూ ఎంత హాయిగా అనిపించిందో.

పదిహేను బారలకు పంచె పొడుగు కూడా కలిపి లెక్క కట్టి, ఆ లోతున్న చోట గీత మీద చుక్క పెట్టాను. మర్నాడు అటే వెళ్లే మా లాంచీ వెనక వాళ్ల పడవా వెళ్లింది. కొక్కెం వేసి కాసేపు అటూ ఇటూ ఈడ్చేసరికి వల తగిలింది. అక్కడక్కడా చిరిగింది గానీ వల దక్కింది. ఇద్దరూ తడి బట్టలతోనే వచ్చి నా బల్ల మీద ఓ పెద్ద వంజరం చేప పెట్టారు. వారం దాకా చార్టులు నీసు వాసన కొట్టాయి.

పోలయ్య వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఇంతకీ ఎవుల్ది ఒప్పమ్మా?"

ఇద్దరిదీ ఒప్పేనన్నాను. పాపం, మొహం వేలాడేశాడు.

"మరైతే ఇన్నాళ్లూ దేనికి తగువాడుకున్నాం బావా?"

నూకరాజు అతని భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకుపోయాడు.

ఆ తర్వాత ఆఫీసులోనూ ఇంట్లోనూ బోలెడు తగువులు చూశాను. ఇద్దరు గట్టిగా వాదించుకుంటుంటే, వాళ్ల మాటలు రెండా ఒకటా అని ముందు చూసుకుంటాను. ఒకటే అయితే తీర్పు చెప్పి లాభం లేదు, ఇంకేదైనా అడగాలి. చాలాసార్లు ఇద్దరూ సిగ్గుపడి దాచుకున్న ముక్కలోనే జవాబు ఉంటుంది.