సోఫా సినిమాలో నా వేషం

గ్లాస్గోలో మాస్టర్స్ చదివే ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, నా ముఖం తెర కోసమే పుట్టిందని. రెండోది, సినిమా ఎలా ఉండాలో తెలుగువాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని. ఆ రెండోది మొదటిదాన్ని ఎలా మింగేసిందో చెబుతాను.

మా క్లాసులో ఒక స్కాటిష్ కుర్రాడుండేవాడు. మేం గడ్డం అని పిలిచేవాళ్ళం (ముందు గడ్డం కనబడేది, తర్వాత అతను). చేతిలో డబ్బు లేకుండానే ఒక కామెడీ షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టాడు. ఇద్దరు ముసలి అన్నదమ్ములు పాత సోఫాను ఫ్లాట్‌కు మోసుకెళ్తుంటే మెట్ల మలుపులో అది ఇరుక్కుంటుంది. కింది ఫ్లాట్ ఆవిడ టీ తెస్తే ముగ్గురూ దానిమీదే కూర్చుని తాగుతారు. ఆ తర్వాత పై ఫ్లాట్ నుంచి నేను దిగుతాను. దారి లేక సోఫా ఎక్కి నిలబడి, ఇంటర్వ్యూకి ఆలస్యమైందని పెద్ద డైలాగు చెబుతాను. నా సీను లేనప్పుడు మైకు కట్టిన కర్ర పట్టుకోవడం కూడా నా పనే. తెనాలిలో ఉన్న అమ్మకు మాత్రం డైలాగు సంగతే చెప్పాను. అమ్మ వీధి మొత్తానికీ చెప్పింది.

ఎడిటింగ్ అయ్యాక గడ్డం మా ఫ్లాట్‌కు ల్యాప్‌టాప్ తెచ్చాడు. "పోటీకి పంపాలి. బలాలేంటో, లోపాలేంటో మొహమాటం లేకుండా చెప్పండి" అన్నాడు. సోఫా నిజంగానే ఇరుక్కోవడం (రెండో టేకుకు అవకాశమే లేదు), టీ తెచ్చే ఆవిడగా వేసిన వాళ్ళ నానమ్మ అసలు నటించకపోవడం బలాలన్నాం. గాలి చప్పుడు, గోడ మీద మైకు నీడ లోపాలన్నాం. నీడ తీయడం తనకు రాదన్నాడు. అంతటితో ఊరుకోవచ్చు. కానీ నా ఫ్లాట్‌మేట్, మేం ఫస్ట్‌షో అని పిలిచే వరంగల్ అన్న, కప్పు కింద పెట్టాడు.

"ఫస్టాఫ్ మంచిగుంది తమ్మీ. సెకండాఫే జర సాగింది."

సినిమా మొత్తం కలిపి పది నిమిషాలు లేదు. అయినా నా తల దానంతట అదే ఊగింది. "అవును, సెకండాఫ్ ట్రిమ్ చేస్తే బెటర్" అని గడ్డానికి ఇంగ్లీషులో చెప్పాను. మా ఊళ్ళో ఏ సినిమా చూసినా ఆ మాట అనేసే ఇంటికి వెళ్తాం. అది అభిప్రాయం కాదు, అలవాటు. పాపం గడ్డానికి ఆ తేడా తెలియదు. బుద్ధిగా తలూపి వెళ్ళిపోయాడు.

పోటీ ప్రదర్శన ఒక పబ్ పైగదిలో. నేను కోటు వేసుకెళ్ళి, వీడియో కాల్‌లో అమ్మకు తెర కనబడేలా ఫోన్ పట్టుకున్నాను. అవతల సగం వీధి కూర్చుని ఉంది. సోఫా ఇరుక్కుంది, టీ వచ్చింది, గదంతా నవ్వింది, పేర్లు పడ్డాయి. నేను దిగనే లేదు. గడ్డం నా భుజం తట్టి, "నీ సలహానే సినిమాను నిలబెట్టింది" అన్నాడు. నిజమే, నేను లేకుండానే బాగుంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"నువ్వెప్పుడొస్తావురా?" అంది అమ్మ.

"అయిపోయిందమ్మా."

"అదేంట్రా, ఇంటర్వెల్ కూడా ఇవ్వకుండా?" అంటూనే మళ్ళీ అందుకుంది. "ఇందాక ఆవిడ టీ ఇస్తుంటే గోడ మీద కర్ర పట్టుకుని ఒక నీడ నిలబడింది చూడు. ఆ నిలబడటం అచ్చం నీలాగే ఉందిరా."

"నేనేనమ్మా."

"నే చెప్పలా, మావాడున్నాడని" అంది అటు తిరిగి, వీధితో.

జడ్జీలు ఆ నీడ ఒక్కటే లోపమన్నారు. దాన్ని తీసేసేవాడు దొరికాడని గడ్డం చెప్పినప్పుడు, ఈసారి కాస్త ఆలోచించి నోరు తెరిచాను. ఉంచమని బతిమాలాను.

ఇన్నేళ్ళ తర్వాత, మేమిప్పుడుంటున్న బేసింగ్‌స్టోక్‌లో మొన్న మా అమ్మాయికి ఆ సినిమా చూపించాను. "ఈజ్ దట్ ఇట్, డాడ్?" అంది. అంతేనమ్మా అన్నాను. తను వెళ్ళాక సినిమాను ఆ గోడ దగ్గర ఆపి చూసుకున్నాను. నీడకు నుదుటి మీద పడేంత ఒత్తైన జుట్టుంది. ఇప్పుడు మళ్ళీ తీస్తే నీడ కూడా అంత బాగా రాదు.