చింతపండుతో తోమిన కాసు

శుక్రవారం రాగి చెంబును చింతపండుతో తోముతుంటే వచ్చే ఆ పులుపు వాసనకు నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడు మా ఊరు కెంచనగుడ్డలో, తుంగభద్ర నీళ్లు తగ్గినప్పుడు, ఇసుకలో నాకో పాత రాగి కాసు దొరికింది. పచ్చగా చిలుము పట్టి ఉంది. వేలితో తడిమితే ఏనుగు బొమ్మ తగిలింది.

బళ్లారిలో ఉండే మా మేనమామ పాత నాణేలు సేకరించేవాడు. ఊరికి వచ్చినప్పుడల్లా పెట్టె తెరిచి అన్నను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నేను దగ్గరికి పోతే మూత వేసేవాడు. ఈ కాసు ఇస్తే నన్నూ కూర్చోబెట్టుకుంటాడనుకున్నాను. మురికిగా ఇస్తే బాగుండదని, అమ్మ దేవుడి చెంబును తోమినట్టే చింతపండు, ఇటుకపొడి వేసి మధ్యాహ్నమంతా తోమాను. కాసు ఎర్రగా నిగనిగలాడింది.

మామ దాన్ని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు.

"ఏందే ఇది? ఏనుగు బొమ్మంతా అరిగిపాయె గదే! హాళు చేసినావు, అంతా పాడు చేసినావు. నీకు బుద్ధి ఉండాదా?" అని వాకిట్లోకి విసిరికొట్టాడు.

అన్న నవ్వాడు. "చిలుము తోమకూడదని మామ నాకు ఎప్పుడో చెప్పినాడు" అన్నాడు.

నిజమే, పాత నాణేన్ని తోమకూడదు. పెద్దయ్యాక నేనూ చదివి తెలుసుకున్నాను. తెలిశాక మామ మీద కోపం తగ్గుతుందనుకున్నాను, రెట్టింపయింది. ఆ పెట్టె మూత వేయకుండా ఉంటే, ఆ ఒక్క మాట నాకూ వినపడి ఉండేది.