శుక్రవారం చేపతో కొరికేతలు

మా బావగారు ఎనిమిదేళ్ళ పాటు మా గడప తొక్కలేదు. కారణం చేపల పులుసు. కనీసం మేమందరం అలాగే అనుకున్నాం.

ముందు మా ఇంటి గురించి ఒక మాట చెప్పాలి. చల్లపల్లి అవతల మాకు మూడూళ్ళ ముఠా ఉండేది. ముఠా అంటే చిన్న జమీందారీ. ఇప్పుడా మాటకి అర్థం మారిపోయి, వినేవాళ్ళు మా తాతగారు దారులు దోచేవారని అనుకుంటున్నారు కనుక బయట చెప్పడం మానేశాను. ఊళ్ళు పోయాయి, దివాణం పోయింది, దివాణం తలుపులు విడిగా పోయాయి. నేను ఆటోనగర్‌లో ఒక లారీ విడిభాగాల దుకాణంలో కూర్చుంటాను. ఉద్యోగం చేస్తున్నానని అనను, కూర్చుంటాననే అంటాను. వెన్ను నిటారుగా పెట్టి మరీ కూర్చుంటాను. వారసత్వంలో ఎవరూ కొనకుండా నాకు దక్కింది ఆ వెన్నొక్కటే. ఉంటున్నది బెజవాడలో, నాలుగో అంతస్తులో, మూడు గదుల ఫ్లాటులో. మా అక్కకి పుట్టిల్లంటే ఇప్పుడు అదే.

ఎనిమిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం అక్కా బావగారూ భోజనానికి వచ్చారు. నా భార్య ముందురోజే కొరమేను పులుసు పెట్టి ఉంచింది. కృష్ణా జిల్లాలో పుట్టినవాడికెవడికైనా తెలుసు, చేపల పులుసు పెట్టిన రోజుకంటే మర్నాడే బాగుంటుంది. ముక్కకి పులుపు పట్టాలంటే ఒక రాత్రి గడవాలి. బావగారికీ ఆ సంగతి తెలుసు. కానీ ఆయన హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. తనకి తెలిసినదాన్ని కూడా ఎదుటివాడి నోటితో చెప్పించడం ఆయనకి అలవాటు.

"ఈ పులుసు ఎప్పటిదోయ్?" అన్నారు.

"నిన్నటిది బావగారూ."

"ఇంటల్లుడికి చద్ది పులుసు పెట్టడం మీ దివాణం ఆచారమా?"

సరదాకే అన్నారేమో. నేను సరదాగా తీసుకోలేదు. "మా ఇంటి నిన్నటి పులుసు తినే యోగం అందరికీ ఉండదు లెండి" అన్నాను. ఆయన సగం కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు.

అంతే. హనుమాన్ జంక్షన్ నుంచి బెజవాడకి గంట దారి. ఆ గంట దారి ఎనిమిదేళ్ళు మూతపడింది. అక్క రోజూ ఫోన్ చేసేది, బావగారు కూరగాయలకి వెళ్ళినప్పుడు, డాబా మీద బట్టలు ఆరేస్తూ. పండక్కి రమ్మంటే "ఆయన రానివ్వరురా" అనేది. నేను ఆయనకి ఫోన్ చేసి ఒక్క మాట అంటే సరిపోయేది. తప్పు చేసినవాడైతే అంటాడు. నేను పెట్టింది మంచి పులుసు.

చివరికి దారి తెరిపించింది ఆర్టీసీ. బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు తీసేశాక మా అక్కకి కొత్త ధైర్యం వచ్చింది. ఒక గురువారం సాయంత్రం ఫోన్ చేసి, "మీ బావతో చెప్పేశానురా. నాకు అరవై తొమ్మిదేళ్ళు. ఆదివారం నేను మా తమ్ముడింటికి భోజనానికి వెళ్తున్నాను, మీరొస్తే కార్లో వెళ్దాం, రాకపోతే పైసా ఖర్చు లేకుండా బస్సులో వెళ్తానన్నాను. వస్తానన్నారు" అంది. గొంతు తగ్గించింది. "ఈసారి గాని తేడా వస్తే ఇంక ఈ జన్మకి రానివ్వరు. ఆదివారం ఏం పెడతారో చూసుకోండిరా."

నా భార్యతో చెప్పాను. ఆవిడ పేపరు మడిచి పక్కన పెట్టింది.

"పప్పు వండుతాను, అన్నం వండుతాను. నా చేత్తో చేప మాత్రం వండను. ఒకసారి అనిపించుకున్నది చాలు."

"బావగారికి చేప లేకుండా భోజనమా?"

"అయితే మీరే వండండి. యోగం సంగతి ఎత్తింది మీరేగా."

అప్పుడు కలగజేసుకుంది మా కోడలు. ఆ అమ్మాయిది బందరు అవతల సముద్రపు ఒడ్డు. వాళ్ళ నాన్నగారిది చేపల వ్యాపారం. పెళ్ళి సంగతి మావాడూ ఆ పిల్లా ముందే నిశ్చయించుకుని తరవాత మాకు చెప్పారు. నేను మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు కాబోయే వియ్యంకుడు ఐసు పెట్టెలో టైగరు రొయ్యలు పంపించాడు. ఐదో రోజు నుంచి మాట్లాడుతున్నాను.

"మావయ్యగారూ, పెదనాన్నగారు వంక పెట్టాలంటే ఆ వంట ఎలా ఉండాలో ఆయనకి తెలియాలి కదండీ" అంది. "ఆయనకి అస్సలు తెలియని వంట చేద్దాం. మా ఆఫీసులో స్పెయిన్ నుంచి పనిచేసే అమ్మాయి ఉంది. వాళ్ళ మామ్మ క్రొకేతాలు చేస్తుందంట. చేపతో."

"కొరికేతలా?" అంది నా భార్య.

"క్రొకేతాలు అత్తయ్యా."

"కొరుక్కుని తినేవేగా. కొరికేతలే."

ఆ పేరే ఖాయమైంది. శుక్రవారం సాయంత్రం బందరు నుంచి పండుగప్ప చేప వచ్చింది, నా మోచెయ్యంత. శనివారం మధ్యాహ్నం వంటింట్లోకి నన్ను పిలిచారు. కోడలు ఫోన్ని కందిపప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టింది. అందులో స్పెయిన్ అమ్మాయీ, వెనక కుర్చీలో వాళ్ళ మామ్మా. వాళ్ళకింకా పొద్దున్నే, ముసలావిడ కాఫీ తాగుతోంది.

నాకు అప్పగించిన పని గరిటె తిప్పడం. మా వంశంలో మగవాళ్ళు గరిటె పట్టినట్టు దాఖలా లేదు, కానీ అక్క మాట చెవిలో ఉంది. బాణలిలో వెన్న కరిగింది. సన్నగా తరిగిన ఉల్లిపాయ మగ్గింది. మైదా వేసి పచ్చివాసన పోయేదాకా వేయించాలి, ఎర్రబడకూడదు. ఆ తరవాత గోరువెచ్చటి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పాలి. ఆపితే ఉండ కడుతుంది. అంతా చూస్తే మైదా జావ. మా ఇంటికొచ్చిన సంబంధాల్లో ఇంత తెల్లటిది, ఇంత చప్పటిది ఎప్పుడూ చూడలేదు. కోడలు కాస్త జాజికాయ గీకి, మిరియాలపొడి వేసింది.

ఫోన్లో మామ్మ నన్ను చూసి ఏదో అంది. మనవరాలు నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పింది, కోడలూ నవ్వింది.

"ఏమంటున్నారు?"

"మీరు మిలిటరీలో చేశారా అని అడుగుతున్నారండీ. గరిటె అలా ఎవరూ పట్టుకోరంట."

"మా ఇంట్లో అంతే నిలబడతామని చెప్పు."

చెప్పింది. ముసలావిడ కుర్చీలోనే వెన్ను నిటారుగా చేసి నాకు తల వంచింది. గౌరవం తెలిసిన మనిషి.

జావ చిక్కబడి హల్వాలా బాణలి వదులుతున్నప్పుడు కోడలు ఫ్రిజ్‌లోంచి చిన్న గిన్నె తీసింది. ముళ్ళు తీసి, మసాలా పొర గీకేసి, పొడిపొడిగా చిదిపిన చేప. నేను గిన్నెలోకి చూశాను.

"ఇది రాత్రి మనం తిన్న వేపుడు కదూ?"

"అవునండీ. మనం తినగా మిగిలింది."

"ఏమన్నావ్?"

"మావయ్యగారూ, గరిటె ఆపకండి, అడుగంటుతుంది."

తిప్పుతూనే అడిగాను. అంత పెద్ద చేపలో పచ్చి ముక్క ఒకటీ లేదా అని. ఉందట. కానీ ఈ వంట మిగిలినదానితోనే చేస్తారట. నిన్నటి కోడో, నిన్నటి చేపో, పారేయడానికి మనసొప్పక అక్కడి తల్లులు ఈ ఉపాయం పట్టారట. ఇంకా ఘోరం, ఈ ముద్దని ఇప్పుడే వేయించకూడదు. పళ్ళెంలో పరిచి ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో పడుకోబెట్టాలి, అప్పుడే చుట్టడానికి గట్టిపడుతుంది.

లెక్క వేసుకున్నాను. శుక్రవారం వండిన చేప, శనివారం ముద్ద, ఆదివారం భోజనం. నిన్నటి పులుసుకి ఎనిమిదేళ్ళయితే మొన్నటి చేపకి ఎన్నేళ్ళు?

"పారేసి పచ్చి ముక్కతో మళ్ళీ చేద్దాం" అన్నాను.

కోడలు ఆ మాట ఫోన్లో చెప్పింది. మామ్మ కాఫీ కప్పు ఠపీమని పెట్టి గట్టిగా రెండు వాక్యాలు అంది. కోడలు వాటిని తెలుగులో చెప్పలేదు, "వద్దంటున్నారండీ" అని మాత్రం అంది. నా భార్య గుమ్మంలో నిలబడి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడొక నిర్ణయానికి వచ్చాను. బావగారు అడగకపోతే చెప్పను. అడిగితే అబద్ధం చెప్పను. ఎందుకు అడుగుతారు? స్పెయిన్ వంట కదా.

ఆదివారం పొద్దున్న ముద్దని బొటనవేలంత ముక్కలుగా చుట్టి, గుడ్డు సొనలో ముంచి, బ్రెడ్డు పొడిలో దొర్లించాలి. నేను చుట్టినవి చూసి నా భార్య ఆగలేకపోయింది.

"ఇలా ఇవ్వండి."

"నువ్వు చేప వండనన్నావుగా."

"వండట్లేదు, చుడుతున్నాను. చుట్టడం వండటం కాదు." పాలతాలికలు చుట్టిన చెయ్యి. అరగంటలో పళ్ళెం నిండిపోయింది.

పన్నెండున్నరకి కారు వచ్చింది. బావగారు డెబ్భై మూడో ఏట కూడా తన కారు తనే నడుపుతారు. తలుపు తీయగానే మా అక్క నేరుగా వంటింట్లోకి వెళ్ళి, బిందెలోంచి తనే మంచినీళ్ళు ముంచుకుని తాగింది. తాగి, అక్కడే నిలబడి చెంగుతో కళ్ళు తుడుచుకుంది. బావగారు హాల్లో నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

"ఏమోయ్, ఇంకా గునపం మింగినట్టే నిలబడుతున్నావా?"

"మీరు బాగున్నారా బావగారూ?"

"చూస్తున్నావుగా."

కూర్చున్నారు. కోడలు వేడివేడిగా నాలుగు వడ్డించింది. ఆయన ఒకదాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, కాపీ కొట్టిన జవాబు పత్రాన్ని చూసినట్టు వెలుతురుకి తిప్పి చూశారు.

"ఏంటమ్మా ఇవి?"

"స్పెయిన్ వంటండీ పెదనాన్నగారూ."

"స్పెయిన్ వాళ్ళు కూడా పునుగులు వేస్తారా?"

"లోపల బాగా వేడిగా..." అనేలోపే కొరికారు. పైన కరకరలాడింది, లోపలి వేడి ముద్ద నాలుక మీద పడింది. కళ్ళు పెద్దవి చేసి, నోరు తెరిచి, "హా, హా" అంటూ పైకి చూశారు. మా అక్క నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

ఆయన మింగారు. రెండోది ఊదుకుని తిన్నారు. మూడోదానికి పప్పన్నం పక్కకి జరిగింది. ఏడోది చేతిలోకి తీసుకుని ఆగారు.

"చేప పండుగప్పేనా?"

"అవునండీ" అంది కోడలు.

"ఎప్పటిది?"

నన్నే చూస్తూ అడిగారు. నా భార్య చేతిలో నెయ్యి గిన్నె ఆగిపోయింది. మా వంశంలో ఊళ్ళు అమ్ముకున్నవాళ్ళున్నారు, పేకాటలో ఏనుగు దంతాలు ఓడినవాళ్ళున్నారు, అడిగినదానికి అబద్ధం చెప్పినవాళ్ళు లేరు.

"శుక్రవారంది బావగారూ. మేం తినగా మిగిలింది."

మా అక్క కళ్ళు మూసుకుంది. కోడలు ఆ దేశంలో మిగిలినదానితోనే చేస్తారని మొదలుపెట్టబోతే, "నిన్నడగలేదమ్మా" అన్నారు. ఏడోది పూర్తిగా తిన్నారు, నిదానంగా, చివరి పొడి దాకా.

"ఆ పళ్ళెం ఇటు జరుపు."

నా భార్య ఇక ఆపుకోలేకపోయింది. "మరి ఆ రోజు నా పులుసేం పాపం చేసిందండీ అన్నయ్యగారూ?"

"నీ పులుసుకేమమ్మా, అమృతం. ఆ రుచి నాకింకా గుర్తుంది. నా కోపం పులుసు మీదని ఎవరన్నారు?" వేలు నా వైపు తిప్పారు. "వీడి మీద. ఏదో నోరు జారాను, లేచాను, చెప్పులేసుకున్నాను. ఒక్కడు కదిలాడా? మీ అక్కతో కిందకెళ్ళి, ఎందుకో తనకీ చెప్పకుండా గేటు దగ్గర పావుగంట నిలబడ్డానోయ్, వస్తావేమోనని. గేటు దాకా సాగనంపని ఇంటికి ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?"

ఆ పావుగంటా నేను కుర్చీలోనే ఉన్నాను, ఆయనే పైకి తిరిగొస్తారని. మా తాతగారు ఎవరిని పంపడానికీ దివాణం మెట్లు దిగలేదని చెప్పేవారు. నేనూ దిగలేదు. ఇక్కడ దివాణం మెట్లు లేవు, ఉన్నది లిఫ్టు అన్న సంగతి నాకు తట్టలేదు.

"మీరు పైకొస్తారని చూశాను బావగారూ" అన్నాను. "నేను దిగాల్సింది."

మా అక్క నెమ్మదిగా, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు అంది. "అంటే ఎనిమిదేళ్ళు నేను పుట్టింటికి రానిది పులుసుకి కూడా కాదన్నమాట. లిఫ్టుకి."

ముందు నవ్వింది కోడలు. తరవాత ఎవరు నవ్వలేదో నాకు గుర్తులేదు. పళ్ళెం ఖాళీ అయింది.

నాలుగింటికి వాళ్ళు లేచారు. వాళ్ళకంటే ముందు నేను చెప్పులేసుకున్నాను. బావగారు చూశారు. లిఫ్టు అద్దంలో ఇద్దరం పక్కపక్కన నిటారుగా నిలబడ్డాం. ఆయన నాకంటే అంగుళం పొడుగు. గేటు దాకా వెళ్ళాను. అక్క కారులో కూర్చుంది. ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"సరే, ఇక పైకెళ్ళు."

"మీరు బయల్దేరండి బావగారూ."

"నువ్వెళ్ళవోయ్, ఎండలో నిలబడతావేంటి?"

"మీ కారు కదిలాకే వెళ్తాను."

"నిన్ను నిలబెట్టి నేనెలా ఎక్కను?"

"నేను చిన్నవాణ్ణి. మీరెక్కాలి."

"నేను పెద్దవాణ్ణి. నేను చెప్పింది నువ్వు వినాలి."

ఇద్దరిలో ఎవరమూ కదల్లేదు. అవతలి తలుపు తెరుచుకుంది. మా అక్క మోకాళ్ళ మీద చేతులూని దిగి, చెంగు సర్దుకుని లిఫ్టు వైపు నడిచింది.

"ఎక్కడికే?" అన్నారు బావగారు.

"మా ఇంటికి. మీది తేలేలోపు మా మరదలు టీ పెడుతుంది."

లిఫ్టు తలుపు మూసుకుంది. బావగారు కొంచెంసేపు అటే చూసి, కారు తాళం తీసి జేబులో వేసుకున్నారు.