నాదస్వరం దగ్గర గుంట

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ అంటే చాలు సింగపూర్ విమానం ఎక్కించేస్తున్న కాలం. రాఫెల్స్ ప్లేస్‌లో ఉద్యోగం, మెడలో బ్యాడ్జీ, ప్రపంచంలో నాకు తెలియనిది లేదన్న ధీమా (తెలిసినవి మూడో నాలుగో). యూ టీ అనే పేటలో నాతోపాటు ఒకే ఫ్లాట్‌లో కడప అన్న ఉండేవాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, పది రెట్లు నెమ్మది. ఆ నెమ్మది చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

ఇద్దరం ఒకే నెలలో ఖరీదైన స్పీకర్లు కొన్నాం. నావి తళతళలాడే కొత్తవి, అన్నవి టోవా పాయోలో ఒక చైనీస్ అంకుల్ దుకాణంలో దొరికిన పాతవి. రెండింటితోనూ కొలతల గ్రాఫు వచ్చింది. మంద్రం నుంచి తారం దాకా స్పీకరు ఏ స్వరాన్ని ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గీత అది. ఎంత తిన్నగా ఉంటే స్పీకరు అంత నిజాయితీ గలదన్నమాట. నా గీత తాడు పట్టి గీసినట్టుంది. అన్న గీత నల్లమల ఘాటు రోడ్డు.

అన్న రోజూ సాయంత్రం ఒకే క్యాసెట్టు పెట్టేవాడు. పోయిన వాళ్ళ నాయన ఏదో పెళ్ళిలో వాయించిన నాదస్వరం. "నాయన ఈడ్నే కూచోని వాయిస్తాన్నట్టుంది సూడు రా" అనేవాడు. ఒకరోజు నాకు తిక్కరేగింది. "అది మీ నాయన కాదన్నా, శుద్ధ అబద్ధం! నాదస్వరం పలికే చోటే గీత గుంటలో పడింది, కళ్ళు పెట్టుకుని చూడు" అని గ్రాఫుని ఆయన మొహం మీద ఆడించాను. అన్న క్యాసెట్టు తీసి పెట్టెలో పెట్టేశాడు. వారం దాకా ముట్టుకోలేదు. (దాన్ని నేను గెలుపనుకున్నాను.)

శనివారం స్పీకర్లు తిరిగిచ్చేస్తానని బయల్దేరాడు. అంకుల్‌ని కడిగేద్దామని రెండు గ్రాఫులూ పట్టుకుని నేనూ వెళ్ళాను. "యూ చీటెడ్ హిమ్, అంకుల్!" అని దుకాణం అదిరేలా అరిచాను. అంకుల్ కళ్ళజోడు సవరించుకుని, కాగితాల ఎడమ అంచున వేలు పెట్టాడు.

"యూ సీ ఓన్లీ లైన్ లా. నంబర్ నెవర్ సీ, ఆ?"

అన్న కాగితంలో ఒక్కో గడికి ఒక్క డెసిబెల్. నా కాగితంలో గడికి ఇరవై! అంకుల్ పెన్సిలుతో నా గీతని అన్న కాగితం కొలతలో ఉజ్జాయింపుగా మళ్ళీ గీశాడు. ఘాటు రోడ్డు కాదు, హిమాలయాలు. అన్న స్పీకర్లలోని గుంట మనిషి చెవికి ఆనేదే కాదట. (ఆ ముందు వారమే మా సర్వర్ కుంటుపడటం బాసుకి కనబడకుండా గడుల కొలత ఇలాగే మార్చి గ్రాఫు తిన్నగా చేసిన ఘనుడు ఎవరనుకున్నారు? నేనే.)

నా స్పీకర్ల కంపెనీ మీద, అంకుల్ మీద, నా మీద ఒకేసారి కోపం ముంచుకొచ్చి చేతిలో కాగితాన్ని పరపరా చింపేశాను. చూస్తే అది అన్న గ్రాఫు.

అన్న ముక్కలు ఏరుకుని జేబులో పెట్టుకున్నాడు. "వారం దినాలు మా నాయన నోరు ఉత్తపుణ్యానికి మూయించినావు గదరా" అన్నాడు, నెమ్మదిగానే.

తిరుగు రైల్లో బరువైన స్పీకరు నేనే మోశాను. ఇంటికెళ్ళాక క్యాసెట్టు కూడా నేనే పెట్టాను. క్షమించమని అడగడానికి మాత్రం ఆ బ్యాడ్జీ మెడ వంగలేదు. ఇప్పటికీ ఎక్కడైనా నాదస్వరం వినబడితే ఆ కుర్రాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. చెయ్యి నా చెవి దాకా వెళ్ళేసరికి నవ్వొస్తుంది.